ముప్పై అయిదు డిగ్రీలు

ఉరవకొండలో గుంతకల్లు రోడ్డు మీది
బుడ్డల మిల్లు నుంచి మనిషొచ్చినాడు:
"కుళ్ళాయప్పా, రేకు తిరగడం లేదు."

పోయి చూస్తే
మూడు దినాల ముసురు వాసన,
దాని మీద కాలిన లక్క వాసన.
కాయ జారే దోవలో అరచెయ్యంత రేకు
మంచి కాయ వైపే తిరిగి చచ్చుబడుంది.
దాని ఇరుసు కింద నాకు తెలిసిన డబ్బీ.
రోటరీ సోలెనాయిడ్.
పేరు పొడుగు, ఒళ్ళు నిమ్మకాయంత.

విప్పినాను. మారెక్క టార్చి పట్టింది.
ముప్పై ఏండ్లు ఈ మిల్లులోనే
చెవి కాడ గలగలలాడించి, పంటికింద కొరికి
పచ్చికాయ ఏదో ఎండుకాయ ఏదో చెప్పిన మనిషి.
ఇప్పుడు చెప్పేది సెన్సారు. ఈమెకు చీపురిచ్చినారు.
"లోపలేముందో చూపీ.
నా కూలి తిన్నది ఆ డబ్బీనే గదా"
అనింది, కోపమేమీ లేకుండా.

చూడక్కా,
ఇది రాగితీగ చుట్ట.
కరెంటు పారితే అయస్కాంతం, ఆగితే ఉత్త తీగ.
మామూలు సోలెనాయిడ్ ఇనుమును లోపలికి లాక్కొని
గడియ వేసినట్టు ఊరుకుంటుంది.
ఇదీ లాగేది నేరుగానే.
అయితే ఆ బిళ్ళకూ ఈ గిన్నెకూ నడుమ
మూడు ఉక్కు గుండ్లు, మూడు వంకర కాలవలు.
ఒక్కో కాలవ ఒక కొసన మెరక, ఇంకో కొసన పల్లం.
బిళ్ళ దిగాలంటే గుండ్లు పల్లానికి దొర్లాల,
అవి దొర్లాలంటే బిళ్ళ తిరగాల.
దిగేది గోరు మందం.
తిరిగేది ముప్పై అయిదు డిగ్రీలు.

"అంటే, కిందికి లాగితే పక్కకు తిరుగుతాది.
మా ఇంటాయన మాదిరి."

ఆ, అంతే. కరెంటు పోయిందంటే
చుట్టు స్ప్రింగు మళ్ళీ మొదటికి తెస్తుంది.
పోనూ రానూ చిటికె వేసినంత సేపు.
నోట్లు లెక్కేసే మిషన్లో
చినిగిన నోటును పక్క అరలోకి తోసేది ఇదే.
కర్నూలులో నేను పని నేర్చిన లేజరు కొట్టులో
వెలుగుకు రెప్ప వేసేది ఇదే.
ఉత్తరాలు వేరుచేసే పెద్ద పెద్ద మిషన్లలో
ఏ ఊరి సంచీకి ఏ కవరో మళ్ళించేది కూడా.
యాడున్నా దీనికొచ్చిన మాటలు రెండే:
ఇటు. అటు.

"మరి కాలిందెందుకు?"

ఒంటి మీద రాసుంది, అచ్చు అరిగినా చదవొచ్చు:
ఒక సెకను పట్టితే మూడు సెకన్లు వదలాల.
మామూలు ఏడు అట్లే జరిగేది.
ఎప్పుడో పిడికెడు పచ్చికాయ, ఠక్కున అటు,
మళ్ళీ ఇటు.
ఈ ఏడు
జూన్లో రాని వాన, ఆగస్టులో రాని వాన
చెట్టు పెరికి వామి వేసినాక వచ్చింది.
మొన్న రాత్రి పెన్నోబులేసు ట్రాక్టరు.
నలభై రెండు మూటలు, మొదటి కాయ నుంచీ తేమే.
రేకు "వద్దు" వైపు తిరిగింది,
తిరిగి అట్లే నిలబడింది.
స్ప్రింగు వెనక్కి లాగుతూనే ఉంది,
తీగ పట్టుకొనే ఉంది,
పొగ వచ్చేదాకా.

తీగ తెగినాక రేకు మంచి వైపుకు వాలింది.
చివరి నాలుగు మూటలు అటే పోయినాయి.
సావుకారుకు ఇంకా తెలీదు.

మారెక్క టార్చి కొంచెం దించింది.
"నేను చూసినా. ఊడుస్తా ఉంటి.
తెల్లారేదాకా చేట పట్టినా కుళ్ళాయప్పా.
బూజు పట్టింది రెండు మూటలు, అవతల పారబోసినా.
ఒక మూట ఎండబెడితే పనికొస్తాది.
ఒకటి మాత్రం నిజంగానే మంచిది.
దానికి ఆయన పేరు మీద తూకం రాయించినా."

నేనేమీ అనలేదు. అనడానికి నాకెవరు?
పాత తీగ విప్పి కొత్తది చుడతా కూచున్నా.
ఈ తూరి చిన్న బోర్డొకటి కలుపుతా:
లాగేటప్పుడు కరెంటు నిండుగా పోనిచ్చి
పట్టుకున్నాక తగ్గించేది.
లాగడానికే బలమంతా కావాల,
పట్టుకోనుండడానికి కొంచెం చాలు.

మూతేసే ముందు మారెక్క "ఉండు" అనింది.
రెండో కాలవలో గుండు పక్కన
ఎర్రటి పొట్టు ముక్క, చీమ రెక్కంత.
గోటితో తీసి ఉఫ్ మనింది.

స్విచ్చి వేసినా.
ఠక్.
ఆమె చెవి పెట్టి వింటా ఉంది,
కాయ గలగలలాడించినప్పటి మొహంతో.
"ఇంకోసారి వెయ్యి" అనింది.